రెండు గళ్ళలో ఒకే ఊరు

గిరిజాకుమారికి అప్లికేషన్ ఫారం కనిపిస్తే చాలు, చెయ్యి దురద పెడుతుంది. కొందరు వేయించిన పల్లీలు కనిపిస్తే ఆగలేరు చూడండి, అలాగన్నమాట. ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీలో ఉన్న ముప్ఫై చిల్లర తెలుగు కుటుంబాల్లో పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గర నుంచి పసిపిల్లల వీసా దాకా ఏ కాగితం కదలాలన్నా ముందు ఆవిడ వంటింటి బల్ల మీదికి రావలసిందే. భర్త అనంతరామ్ ఆ ఊరి పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు. "నేను మనుషుల్ని పడుకోబెడతాను, మా ఆవిడ ఫైళ్ళని లేపుతుంది" అని ఆయన పదకొండేళ్ళుగా ఒకటే జోకు వేస్తున్నాడు. ఆవిడ పదకొండేళ్ళుగా నవ్వడం లేదు.

ఈ విద్య ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చింది. తండ్రి తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో గుమాస్తా. పదో తరగతి పిల్లల నామినల్ రోల్స్ ముప్ఫై ఏళ్ళు రాసి రిటైరయ్యాడు. పుట్టిన తేదీ ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా పడిన పిల్లవాడు ఉద్యోగానికి వెళ్ళినా, పెన్షన్‌కి వెళ్ళినా ఆ తేడా వాడి వెనకే నడిచొస్తుందని ఆయన భయం. అందుకే గిరిజ బి.కాం.లో చేరే రోజున పక్కన కూర్చుని ఒక్కటే చెప్పాడు. "అమ్మా, సర్టిఫికెట్‌లో ఏముందో అది రాయి. నీకు తెలిసింది రాయకు."

ఆవిడ జీవితంలో చాలామంది చాలా సలహాలు ఇచ్చారు. పాటించింది ఇదొక్కటే.

నిఖిల ఈ ఇంటికి ఫిబ్రవరిలో వచ్చింది. ఎవరో అమ్మాయికి రెండు వారాలు గది కావాలని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తే గిరిజ సరే అంది. ఆ రెండు వారాలు జూన్‌లో కూడా నడుస్తున్నాయి. పిల్ల ఊరు రామగుండం. ఎంబీబీఎస్ కజకస్థాన్ రాజధానిలో చదివి, ఇంటికొచ్చి కరీంనగర్‌లో ఇంటర్న్‌షిప్ చేసి, ఐర్లండ్ వచ్చి ఇక్కడి పరీక్షలు కూడా పాసైంది. అనంతరామ్ పనిచేసే ఆసుపత్రిలోనే జూలై రెండో సోమవారం నుంచి ఉద్యోగం ఖాయమైంది. ఈ దేశంలో చిన్న డాక్టర్లందరూ ఆ రోజే కుర్చీలు మారతారు. మిగిలిందల్లా రిజిస్ట్రేషన్. అది వస్తేనే డాక్టరు, లేకపోతే గిరిజాకుమారి ఇంట్లో పై గదిలో ఉండే అమ్మాయి.

వచ్చిన మర్నాడు పొద్దున ఉప్మా ముందు కూర్చోబెట్టి గిరిజ మొదలుపెట్టింది.

"ఏ ఊళ్ళో చదివావన్నావ్?"

"అస్తానా ఆంటీ. వాళ్ళ భాషల ఆ మాటకు రాజధాని అని అర్థం."

"రాజధానికి రాజధాని అనే పేరు పెట్టుకున్నారా?"

"అవునాంటీ. నవ్వొస్తుందా?"

"నవ్వెందుకమ్మా. మా పెద్దన్నయ్య పేరు బాబు. పుట్టినప్పుడు, అసలు పేరు తర్వాత చూద్దాంలే అనుకున్నారు. ఇప్పుడు వాడికి అరవై నాలుగు."

నిఖిల ఉప్మా పొలమారేలా నవ్వింది. అంతకుముందు ఆ ఊరు అక్మోలా అనీ, తెల్ల సమాధి అని దానికి అర్థం చెబుతారనీ, దానికీ ముందు రష్యా వాళ్ళ కాలంలో సెలినోగ్రాడ్ అనీ వరసగా చెప్పుకొచ్చింది. "నేను పోయినప్పుడు అస్తానా. సెకండియర్ల ఉండంగ నూర్-సుల్తాన్ అన్నరు, మొదటి ప్రెసిడెంట్ పేరు మీద. డిగ్రీ పట్టుకొని నేను ఇంటికొచ్చిన మూడు నెలలకు మళ్ళ అస్తానా చేసిన్రు."

"పోనీలే, వాళ్ళకి ఊరు కుదురుగా ఉండి పేరు తిరుగుతోంది. మా వైపు పేరు కుదిరింది గానీ..." అని, తెనాలి మనిషి కాబట్టి, గిరిజ అక్కడితో ఆపి ఇంకొంచెం ఉప్మా వడ్డించింది.

ఆ ఊరి కబుర్లు ఆ ఇంట్లో టీవీ సీరియల్లా సాగాయి. నలభై ఏడు డిగ్రీల రామగుండం నుంచి వెళ్ళిన పిల్ల మైనస్ ముప్ఫై ఐదులో దిగింది. చుట్టూ చెట్టన్నది లేని మైదానం, దాని మీంచి ఆగకుండా కొట్టే గాలి. ఆ గాలిని ఆపడానికి ఊరి చుట్టూ లక్షల చెట్లు నాటారట. తలస్నానం చేసి ఆరకుండా బయటికొస్తే జడ కర్రలా బిగుసుకుపోయేది. హాస్టల్ కిటికీ బయట సంచీ వేలాడదీస్తే అదే ఫ్రిజ్. ఒకసారి అమ్మ పంపిన ఆవకాయ అందులో మరిచిపోతే, సుత్తితో కొట్టి తినాల్సి వచ్చిందట. ఊరి నడుమ చెట్టులాంటి పెద్ద గోపురం, దాని కొమ్మల మధ్య బంగారు గుడ్డు. ఇంకో పక్క గుడారం ఆకారంలో ఆకాశమంత షాపింగు భవనం. అందులో మాల్దీవుల నుంచి తెచ్చిన ఇసుక పోసి బీచ్ కట్టారు. బయట మంచు తుఫాను, లోపల జనం నిక్కర్లతో.

"ఆ గుడారం ఇంకోటుంటే ఇక్కడికి తెప్పించండి. ఇట్స్ బాల్టిక్ ఇన్ హియర్" అంది లోహిత. గిరిజ కూతురు, పదిహేనేళ్ళది. చలి అనడానికి ఇక్కడి పిల్లల మాట అది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఈ డొనెగాల్ జిల్లా యాసలో వస్తుంది.

"నిజమే ఆంటీ," అంది నిఖిల శాలువా దగ్గరికి లాక్కుంటూ. "ఏమనుకోవద్దు, ఆడ నాకు ఇంత చలి వెయ్యలే. ఆడ అక్టోబర్ల ఊరు ఊరంతటికీ ఒక్కసారే హీటింగ్ ఇస్తరు, ఏప్రిల్ దాక బంద్ చెయ్యరు. బయట మైనస్ ముప్ఫై ఉన్నా ఇంట్ల టీషర్టుతోని తిరుగుతం."

ఈ ఇంట్లో హీటింగ్ ఇచ్చేదీ తీసేదీ అనంతరామ్. ఆయన న్యాయం ఏమిటంటే, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, మే పదిహేనో తారీకు తర్వాత బయట మంచు పడినా సరే, లేదు. "స్వెటర్లు ఎందుకున్నట్టు?" అంటాడు.

* * *

రిజిస్ట్రేషన్ ఫారం మే మొదటి వారంలో బల్ల మీదికొచ్చింది. చదివిన సంస్థ, నగరం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని గళ్ళు గీసి ఉన్నాయి.

"ఒక్కటే లైన్ ఆంటీ," అంది నిఖిల. "రెండు వేల పదిహేడు నుంచి ఇరవై రెండు. అస్తానా."

గిరిజ కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు పరిచింది. అడ్మిషన్ లెటర్, మొదటి సంవత్సరం మార్కులు, అన్నిటిమీదా అస్తానా. రెండో సంవత్సరం చివరి నుంచి నూర్-సుల్తాన్. డిగ్రీ మీదా అదే. ఫారం పైన చిన్న అక్షరాల్లో, వివరాలు మీ పత్రాల్లో ఉన్నట్టుగా నింపండి, అని ఉంది. ఆ వాక్యం చూడగానే గిరిజకు పోయిన నాన్న వచ్చి పక్కన కూర్చున్నట్టనిపించింది.

"ఇదిగో చూడు, పత్రాల్లో ఉన్నట్టుగా అంటున్నాడు. నువ్వు అస్తానా అని ఒక్కటే రాస్తే, డిగ్రీలో ఆ పేరేది అంటాడు. రెండు గళ్ళు నింపుదాం. దేని దారి దానిది."

"కానీ ఆంటీ, చూసేటోళ్ళకు రెండు కాలేజీలనిపిస్తది కదా."

"నింపేది నేనా, నువ్వా?"

నిజానికి నింపవలసింది నిఖిలే. కానీ ఆ పిల్ల నవ్వి, "మీరే ఆంటీ" అంది. గిరిజ నల్ల ఇంకు పెన్నుతో, పెద్దక్షరాల్లో, రెండు గళ్ళు ముచ్చటగా నింపింది. నిఖిల సంతకం పెట్టింది. ఫారం డబ్లిన్‌లో డాక్టర్లను నమోదు చేసే ఆఫీసుకు వెళ్ళింది.

జూన్ పదో తారీకున జవాబొచ్చింది. అస్తానాలోని సంస్థ నుంచి నూర్-సుల్తాన్‌లోని సంస్థకు మారినట్టు ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ పంపవలెను. జూన్ ఇరవై ఏడు, శుక్రవారంలోగా అందకపోతే దరఖాస్తు తర్వాతి విడతలో చూస్తాము. తర్వాతి విడతంటే జనవరి ఉద్యోగాలకు. నిఖిల వీసా సెప్టెంబరు దాకానే ఉంది. అంటే రామగుండమే.

నిఖిల ఆ రాత్రే కాలేజీకి రాసింది. వాళ్ళు నాలుగు రోజులకు జవాబిచ్చారు, చాలా మర్యాదగా. మా విద్యార్థిని ఎక్కడికీ మారలేదు గనక మారినట్టు పత్రం ఇవ్వలేము. పేరు మార్పు గురించి లెటరు కావాలంటే ఇస్తాము, కానీ సంతకం చేయవలసినాయన సెలవులో ఉన్నారు, ఆగస్టులో వస్తారు.

డబ్లిన్ ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేసింది. సంగీతం బాగుంది. మూడోసారి ఎవరో ఎత్తి, ఫారంలో రెండు సంస్థలున్నాయి కదా, రెండోదానిలోకి ఎలా వచ్చారో కాగితం కావాలి, అన్నారు. నిఖిల నాలుగుసార్లు సారీ చెప్పి పెట్టేసింది.

"మీ తప్పేం లేదాంటీ" అని ఆ పిల్ల అనలేదు. "మీవల్లే" అని కూడా అనలేదు. ఎప్పటిలాగే అంట్లు తోమి, కప్పులు తుడిచి ప్రెస్‌లో సర్దింది. వంటింటి అల్మరాని ఈ దేశంలో ప్రెస్ అంటారు. ఐదు నెలల్లో నిఖిలకు అది నోటికొచ్చేసింది. గిరిజ ఆ రెండు రోజులూ కూరలో ఒకసారి ఉప్పు మరిచిపోయి, మరోసారి రెండుసార్లు వేసి కాలం గడిపింది.

మూడో రోజు బట్టలు మడత పెడుతూ ఉంటే పై గది తలుపు సందులోంచి మాటలు వినిపించాయి. నిఖిల వాళ్ళమ్మతో మాట్లాడుతోంది.

"లేదమ్మా, ఎవ్వరిది కాదు, నాదే తప్పు. ఫారం నేనే సక్కగ నింపలే... ఆంటీ ఏం చేస్తది పాపం, ఆమె అన్నం పెడతది, చాలదా... సరే ఏడ్వకు. కాకపోతే ఇంటికొస్తా."

మడతపెట్టిన తువ్వాలు గిరిజ మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టింది.

ఆ సాయంత్రం అనంతరామ్ ఆసుపత్రి నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే అంది. "ఏవండీ, ఆ రెండు గళ్ళు నింపింది నేను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"అంత గుండ్రటి అక్షరాలు డాక్టరు రాయదు గిరిజా."

"ఆ పిల్ల ఒక్కటే లైన్ అంది. నేనే వినలేదు."

ఆయన జోకు వెయ్యలేదు. దాంతోనే ఆవిడకు ఎక్కువ భయం వేసింది. "ఇంకెన్ని రోజులుంది?" అన్నాడు.

"మూడు. నేను డబ్లిన్ వెళ్తాను."

"కేసు ఆ అమ్మాయిది. నువ్వెళ్ళి ఏం చెప్తావ్?"

"ఏం చెప్తానో బస్సులో ఆలోచిస్తాను. నాలుగు గంటలుంది కదా."

నిఖిలను వెంట తీసుకెళ్ళే వీలు లేదు. లెటర్‌కెన్నీ నుంచి డబ్లిన్ బస్సు మధ్యలో గంటన్నర ఉత్తర ఐర్లండ్‌లోంచి, అంటే బ్రిటన్ వాళ్ళ నేల మీద నుంచి పోతుంది. సరిహద్దు దగ్గర గేటుండదు, పోలీసూ ఉండడు. రోడ్డంచు గీత పసుపులోంచి తెలుపులోకి మారుతుంది, అంతే. కానీ నిఖిల వీసా ఐర్లండ్ ఒక్కదానికే. చుట్టూ తిరిగి వెళ్ళడమంటే రెండు బస్సులు, ఒక రోజు. పైగా ఆసుపత్రిలో కొత్తవాళ్ళకి పెట్టిన శిక్షణ అదే వారం. అందుకని నిఖిల, నా తరఫున ఈవిడ మాట్లాడతారు, అని లెటరు రాసిచ్చింది. ఇచ్చేటప్పుడు గిరిజ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

"నిఖిలా, మీ అమ్మగారికి ఫోన్ చేసి నిజం చెప్పు."

"ఏం నిజం ఆంటీ?"

"ఫారం ఎవరు నింపారో. నేను విన్నానమ్మా."

నిఖిల తల దించుకుంది. "ఇప్పుడు చెప్తే అమ్మ మీకు ఫోన్ చేసి తిడతది. పనైనంక చెప్తా."

"పని కాకపోతే?"

"కాకపోతే అస్సలే చెప్ప."

* * *

గురువారం పొద్దున్న బస్సులో గిరిజ కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో ఫైలు, ఫైలు మీద పులిహోర డబ్బా. గేటు లేని సరిహద్దు దాటి స్ట్రాబేన్‌లో మలుపు తిరుగుతుండగా ఆకుపచ్చ రోడ్డు బోర్డు కనిపించింది. లండన్‌డెరీ అని రాసి ఉంటే, ఎవరో లండన్ మీద మాత్రం నల్లరంగు కొట్టి డెరీ మిగిల్చారు. వందసార్లు చూసిన బోర్డే. ఇవాళ మెడ తిప్పి మరీ చూసింది. పది అడుగుల రేకు మీద ఒక ఊరికి రెండు పేర్లు, మధ్యలో ఒక రంగు డబ్బా. ఆ ఊళ్ళో చదివినవాళ్ళని ఎవరూ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ అడగరు.

ఇదే చెబుదాం అనుకుంది. ఓమా అనే ఊరు వచ్చేసరికి వద్దనుకుంది. ఆ ఊరి పేరు ఎత్తితే ఈ దేశంలో ముందు నువ్వు బ్రిటన్ వైపా, ఐర్లండ్ వైపా అని చూస్తారు. ముక్కూ మొహం తెలియని గుమాస్తా ముందు, అందులోనూ మనకి పని కావలసినప్పుడు, ఆ రంగు డబ్బా తెరవకూడదు. పులిహోర తెరిచింది.

ఆఫీసులో టోకెన్ తీసుకుని కూర్చుంటే మధ్యాహ్నం రెండింటికి పిలుపొచ్చింది. కౌంటర్ వెనక అరవై దాటిన మనిషి, గళ్ళ చొక్కా, చొక్కా మీద జెర్రీ అని బిళ్ళ. లెటరు చదివాడు, ఫైలు తెరిచాడు.

"రెండు కాలేజీలు, రెండు ఊళ్ళు. మధ్యలో కాగితం లేదు. అదొక్కటే లోటు, మిగతాదంతా గ్రాండ్."

"కాలేజీ ఒకటేనండీ. ఊరు కూడా ఒకటే. పేరు మారింది."

"ఫారంలో రెండున్నాయి కదా."

"ఫారం నింపింది నేను," అంది గిరిజ. "ఆ అమ్మాయి ఒకటే రాయమంది. పత్రాల్లో ఉన్నట్టుగా అన్నారని నేను రెండు రాశాను. సంతకం తనది, చెయ్యి నాది. తప్పు ఎవరికి వేస్తారో వెయ్యండి, ఆ అమ్మాయికి మాత్రం వెయ్యకండి."

జెర్రీ కళ్ళజోడు మీంచి చూశాడు. "చాలా అందమైన చేతిరాత," అన్నాడు. "కానీ ఫారం ఏం చెబితే నేను అదే చూడాలి. నాకు తెలిసింది నేను రాసుకోవడానికి లేదు."

గిరిజకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కౌంటర్ అవతల కూడా నాన్నే కూర్చున్నాడు!

అప్పుడు ఆవిడ చెవి ఆ మాటలోని సారాన్ని వదిలి రాగాన్ని పట్టుకుంది. ప్రతి వాక్యాన్నీ కొండ ఎక్కించి, చివర్లో ఒక్కసారిగా జార్చడం. నాలుగేళ్ళు విన్న రాగమే.

"మీది కార్క్ కదూ?"

"కోవ్. ఎలా తెలుసు?"

"మా ఆయన లెటర్‌కెన్నీకి ముందు కార్క్‌లో చేశారు. రింగాస్కిడీ దగ్గర్లో ఉండేవాళ్ళం. మందుల ఫ్యాక్టరీలు దాటి ఒడ్డుకెళ్తే నీళ్ళకవతల మీ ఊరే కనపడేది. పెద్ద చర్చీ, దాని కింద మెట్లమెట్లుగా రంగుల ఇళ్ళూ."

జెర్రీ మొహం విప్పారింది. "అందులో నీలం రంగుది మా అమ్మమ్మ ఇల్లు. అందులోనే పుట్టింది, ఆ చర్చిలోనే పెళ్ళి చేసుకుంది, ఆ ఇంట్లోనే పోయింది. తొంభై మూడేళ్ళు, ఒక్కసారి కూడా గడప మారలేదు."

"ఏ సంవత్సరం పుట్టారు?"

"పంతొమ్మిది వందల పదిహేను."

గిరిజ పులిహోర డబ్బాని ఫైలు మీంచి తీసి పక్కన పెట్టింది. "అప్పటికి మీ ఊరి పేరు కోవ్ కాదనుకుంటాను. అక్కడి మ్యూజియంలో చూశాను."

"కాదు, క్వీన్స్‌టౌన్. విక్టోరియా రాణి ఒకసారి ఓడ దిగిందని పెట్టారు. ఆవిడ మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయింది, పేరు డెబ్బై ఏళ్ళు ఉండిపోయింది. మా వాళ్ళ ప్రభుత్వం వస్తూనే కోవ్ అని మార్చారు."

"మరి అమ్మమ్మగారి బర్త్ సర్టిఫికెట్‌లో?"

"క్వీన్స్‌టౌన్ అనే ఉంటుంది."

"పెళ్ళి సర్టిఫికెట్‌లో?"

"కోవ్."

"ఓహో," అంది గిరిజ, ఎంతో మర్యాదగా. "మధ్యలో ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఎవరిచ్చారండీ?"

జెర్రీ భుజాలు ముందుగా కదిలాయి, నవ్వు వెనకాల వచ్చింది. పక్క కౌంటరావిడ ఏమైందని తిరిగి చూసింది. జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకుని ఆయన గడియారం వైపు చూశాడు.

"బాగుంది. కానీ ఒకటుంది. మా అమ్మమ్మ నాకు తెలుసు, ఆ అమ్మాయి తెలియదు. మీరు చెబితే నేను రాసుకోలేను. తననే రాయమనండి. తన మాటల్లో ఒక పేజీ. ఊరొకటేనని, తాను కదల్లేదని. దానికి ఏ ఆధారముంటే అది. ఒక గడి నింపిన కొత్త ఫారం కూడా. నాలుగింటిలోగా మెయిల్ వస్తే ఇవాళే ఫైల్లో పెడతాను. ఈసారి," అని పెన్ను చూపుడువేలిలా ఆడించాడు, "చెయ్యి కూడా తనదే ఉండాలి."

అప్పటికి రెండూ నలభై. గిరిజ గోడవారకు వెళ్ళి ఫోన్ చేసింది. నిఖిల శిక్షణలోంచి కారిడార్‌లోకి పరిగెత్తుకొచ్చింది.

"మీరు చెప్పండాంటీ, నేను టైప్ చేస్తా."

గిరిజ నోట్లో అయిదు వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. తమ దయగల దృష్టికి తీసుకురావడమేమనగా, అని మొదలయ్యేవి. పెదవి దాకా వచ్చాయి. మింగింది.

"నేను చెప్పను. నువ్వే రాయి. నీకు తెలిసింది రాయి."

"సర్టిఫికెట్ల ఉన్నట్టు కాదా?"

"కాదమ్మా. నువ్వున్న ఊరు రాయి. మాకు చెప్పేదానివి కదా, ఉప్మా తింటూ. అలాగే."

కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూడడం తప్ప గిరిజకు పని లేదు. ఫారం నింపకుండా ఒక ఆఫీసులో అంతసేపు కూర్చోవడం ఆవిడకదే మొదటిసారి. మూడూ నలభై ఒకటికి జెర్రీ చెయ్యెత్తి పిలిచి స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాడు.

రెండు ఫోటోలు. మొదటిదాంట్లో పరుపు చుట్టినట్టున్న కోటులో, ముక్కు మాత్రమే కనిపించే పిల్ల, వెనక మంచులో బంగారు గుడ్డు ఎత్తుకున్న గోపురం. కింద 2017, అస్తానా. రెండోదాంట్లో పట్టా తీసుకునేటప్పటి టోపీతో అదే పిల్ల, వెనక ఎండలో అదే గోపురం. కింద 2022, నూర్-సుల్తాన్.

ఆ కింద ఒక్క గడే నింపిన కొత్త ఫారం, దాని కింద నిఖిల రాసిన పేజీ. జెర్రీ పెదవులు కదుపుతూ చదివాడు. ఊరి పేరు మారిన వారం కూడా నేను అదే బస్సు ఎక్కి అదే స్టాపులో దిగాను. బస్సులోని స్క్రీన్ మీద పేరు మారింది, డ్రైవరు మారలేదు. కాలేజీ గేటు దగ్గర నిచ్చెన వేసి పాత పలకలు విప్పుతుంటే, క్లాసుకు ఆలస్యమవుతుందని నిచ్చెన కింద నుంచే దూరి వెళ్ళాం. ఆ రోజు మైనస్ పన్నెండు. ముందు రోజు కూడా మైనస్ పన్నెండే. అనాటమీ గదిలో అస్థిపంజరానికి మేం మా క్లాసులో అందరికంటే సన్నటి అబ్బాయి పేరు యుగంధర్ అని పెట్టుకున్నాం. ఆ దేశంలో ఎన్ని పేర్లు మారినా ఆ పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. నేను అయిదేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాను. మారింది నేను కాదు.

గిరిజ రెండుసార్లు చదివింది. దయగల దృష్టి అందులో ఎక్కడా లేదు.

"నిర్ణయించేది నేను కాదు," అన్నాడు జెర్రీ ప్రింటు తీసి ఫైల్లో పెడుతూ. "కాగితాలు పైకి పంపడమే నా పని. కానీ పైవాళ్ళకు కనబడేలా మొదటి పేజీగా ఇదే పెడుతున్నాను." పాత ఫారం మీద గిరిజ రాసిన రెండు గళ్ళకీ అడ్డంగా ఒక గీత గీశాడు. నల్ల ఇంకు, ముచ్చటైన అక్షరాలు, వాటి మీద గీత. గిరిజకు ఒక్క క్షణం చురుక్కుమంది. తర్వాత బ్యాగులోంచి ఖాళీ పులిహోర డబ్బా కిందపడి మూత దొర్లితే దాని వెంట పరిగెత్తింది.

* * *

తర్వాతి వారమంతా నిఖిల ఫోన్‌ని బోర్లా పెట్టి తిరిగింది. అనంతరామ్ రోజూ ఇంటికొచ్చి, "ఏమైనా?" అనేవాడు. లోహిత మాత్రం, "ఇట్స్ గొన్నా బీ గ్రాండ్, స్టాప్ స్టేరింగ్ అట్ ది ఫోన్" అని ఇంట్లో పెద్దరికం తనమీద వేసుకుంది.

గురువారం, జూలై మూడో తారీకు, ఉదయం నుంచి పక్కకి కొట్టే వాన. బయట పదకొండు డిగ్రీలు. నిఖిల శాలువా కప్పుకుని చిక్కుళ్ళ ఈనెలు తీస్తుంటే ఫోన్ మోగింది. తిప్పి చూసింది. చిక్కుడుకాయ చేతిలోనే ఉంది.

"ఆంటీ, నంబర్ వచ్చింది."

"ఏ నంబరు?"

"రిజిస్ట్రేషన్ నంబర్!"

గిరిజ ఆ ఫోన్ లాక్కుని పైనుంచి కిందికి చదివింది. పేరు సరిగానే ఉంది. సంస్థ ఒకటే ఉంది. ఊరు, అస్తానా, పక్కన చిన్నగా, గతంలో నూర్-సుల్తాన్. రెండూ ఒకే గడిలో సర్దుకుని కూర్చున్నాయి. ఇంత సులువని తెలిస్తే మే నెలలోనే ఇలా రాసేదాన్ని కదా అనుకుంది, పైకి అనలేదు.

నిఖిల వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. మొదటి నిమిషం ఏడుపులు, రెండో నిమిషం నవ్వులు. మూడో నిమిషంలో, "అసలు ఫారం నింపింది నేను కాదమ్మా..." అని వినిపించగానే గిరిజ చిక్కుళ్ళ పళ్ళెం పట్టుకుని హాల్లోకి తప్పుకుంది. అయినా తప్పలేదు. ఫోన్ ఆవిడ చేతికొచ్చింది. రామగుండం నుంచి ఆ తల్లి పది నిమిషాలు మాట్లాడింది, అందులో తొమ్మిది తిట్లు, ఒకటి ఆశీర్వాదం. గిరిజ, "అవునమ్మా, నాదే" అని తొమ్మిదిసార్లు అంది. ఫోన్ పెట్టేశాక మనసు తేలికపడింది. వెంటనే వెళ్ళి గోడ మీది హీటింగ్ మీట తిప్పింది. రేడియేటర్లు టిక్కుటిక్కుమని లేచాయి.

అయిదింటికి అనంతరామ్ తడిసిన కోటుతో లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. నిఖిల టీషర్టు వేసుకుని సోఫాలో కూర్చుని ఉంది. లోహిత సాక్సులు విప్పేసింది. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది.

"జూలైలో హీటింగా?" అన్నాడు.

"అమ్మాయికి నంబరొచ్చింది," అంది గిరిజ కాఫీ కలుపుతూ. "అందుకని ఇవాళ్టికి మన ఇంటి పేరు అస్తానా. రేప్పొద్దున మళ్ళీ లెటర్‌కెన్నీ అవుతుంది."

అనంతరామ్ కోటు విప్పి రేడియేటర్ మీద ఆరేశాడు. చేతులు కాచుకుంటూ మీట వైపు ఒకసారి చూశాడు, నిఖిల వైపు ఒకసారి చూశాడు. మీట జోలికి వెళ్ళలేదు.

"అంతా బాగానే ఉంది గానీ," అన్నాడు, "ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఏదీ?"

పదకొండేళ్ళలో మొదటిసారి గిరిజ నవ్వింది. కాఫీ సాసర్‌లోకి ఒలికింది.